కర్త లేని వాక్యం

వెంకటనారాయణ సారు సమాధాన పత్రాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని గట్టిగా చదివాడు.

"'అడవి పోతుంది. లారీలు పోతయి. మా అయ్య ఎకరం కొడితే అడవి పోయిందా. ఎవరు చెప్పిండ్రు.' ఆగండి, ఇంకా ఉంది. 'పొగాకు కాలుస్తరు.' అంతే, సమాప్తం!"

క్లాసు గొల్లుమంది.

"ప్రశ్న ఏమిటయ్యా? ఏజెన్సీ ప్రాంతంలో అడవుల క్షీణతకు కారణాలు వివరింపుము. ఇరవై మార్కులు. ఈవిడగారు నాలుగు ముక్కలు రాసి, మనల్నే ఎదురు ప్రశ్న అడుగుతున్నారు."

చివరి బెంచీలోంచి కుంజా జంపక్క లేచింది. బి.ఏ. మొదటి సంవత్సరం. మద్దిగుప్ప కోయగూడెం నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తలదించుకుని ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి సారు చేతిలోని కాగితాన్ని లాక్కుంది.

"నవ్వుడు అయిపోయిందా సార్? ఇది నా పేపరు. మీరు మార్కులెయ్యాలె గని నన్ను ఆట పట్టియ్యొద్దు."

వెంకటనారాయణ ముఖం కందిపోయింది. "రాయడం రాదు గానీ రోషం మాత్రం బాగా వచ్చు. మీ హాస్టలుకు ప్రభుత్వం ట్యూటర్ని పెట్టింది కదా? వెళ్లి వాక్యం రాయడం నేర్చుకో. అప్పటిదాకా నా క్లాసులోకి రాకు."

జంపక్క బయటికి వచ్చేసింది. ఒళ్లంతా మండిపోతోంది. సారు నవ్వించినందుకు కాదు. రాసింది నిజమే అయినా, రాసిన తీరు చూస్తే తనకే సిగ్గేసినందుకు. ఆ నాలుగు వాక్యాల వెనక తన కడుపులో ఉన్నదంతా కాగితం మీదికి ఎందుకు రాలేదో ఆమెకు తెలియలేదు.

ట్యూటరు దగ్గరికి వెళ్లమన్నాడు. అదే అసలు మంట.

హాస్టలు ట్యూటరు పేరు నిర్మలాదేవి. వైరా దగ్గర వాళ్లది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి చెరువు కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. తెలుగు ఎం.ఏ. చదివి, పెళ్లయి, భర్త ఉద్యోగం వల్ల ఇటువైపు వచ్చింది. ఆమెకు ఈ కొలువు ఇప్పించింది మేనమామ వెంకటప్పయ్య. ఆ వెంకటప్పయ్య మద్దిగుప్పలో పొగాకు వేస్తాడు. వేసేది జంపక్క తండ్రి దూలయ్య చేలో. ఒక్క పంటకని కౌలుకు అడిగి తీసుకుని, ఇప్పటికీ దిగలేదు. చేను మధ్యలో బ్యారన్ కూడా కట్టాడు, పొగాకు ఆకును మంట వేడికి ఎండబెట్టే కొట్టం.

ఈ సంగతంతా జంపక్కకు తెలుసు. ఆ చేను ఎవరిదో నిర్మలాదేవికి తెలియదు. అందుకే హాస్టల్లో మిగతా ఆడపిల్లలంతా సాయంత్రం ట్యూషనుకు కూర్చుంటే, జంపక్క ఆ గుమ్మం తొక్కేది కాదు.

ఆ సాయంత్రం తొక్కింది.

భోజనాల హాలులో పిల్లలు చాపల మీద కూర్చున్నారు. నిర్మలాదేవి చేతిలో గైడు పట్టుకుని చెబుతోంది, పిల్లలు రాసుకుంటున్నారు. జంపక్క వెనక కూర్చుంది. హాస్టలు గదిలో తనతో ఉండే లంబాడా పిల్ల బాలి పక్కకు జరిగి చోటిచ్చింది.

"అడవుల క్షీణతకు కారణాలు. మొదటిది, పోడు వ్యవసాయం. గిరిజనుల అమాయకత్వము, అజ్ఞానము వలన విలువైన అడవులు నరికివేయబడుతున్నవి..."

"ఎవరు రాసిండ్రు మేడమ్ అది?"

నిర్మలాదేవి తలెత్తింది. "ఏది?"

"ఆ బుక్కు. రాసినోడు మా అడవి జూసిండా?"

"నీ పేరేంటమ్మా?"

"జంపక్క. మద్దిగుప్ప." ఊరి పేరు వింటే ఆమె ముఖంలో ఏమైనా మారుతుందేమోనని చూసింది. ఏమీ మారలేదు.

"చూడు జంపక్కా, పరీక్షలో ఇదే రాయాలి. దిద్దేవాళ్ల దగ్గర ఇదే ఉంటుంది. ఇది కంఠస్థం చేసి రాస్తే పదమూడు, పద్నాలుగు వస్తాయి. నీకు మార్కులు కావాలా, పోట్లాట కావాలా?"

"రెండూ గావాలె."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నిర్మలాదేవికి చిర్రెత్తింది. "అయితే నువ్వే రాయి! రేపు తీసుకురా, చూస్తాను."

మర్నాడు జంపక్క తెచ్చిన కాగితం వెంకటనారాయణ చదివినదానికంటే పెద్ద మెరుగేం కాదు. నిర్మలాదేవి ఎర్ర పెన్సిలు తీసింది. కాసేపటికి కాగితంలో నీలం కంటే ఎరుపే ఎక్కువైంది.

"లారీలు అన్నావు. ఏ లారీలు? మా అయ్య అన్నావు. ఆయన సంగతి ఇక్కడెందుకొచ్చింది? పొగాకు అన్నావు. పొగాకుకీ అడవికీ ఏంటి సంబంధం?"

"గది కూడ ఎరుకలేదా?" జంపక్క గొంతు పెరిగింది. "ఆకు ఎండాలంటే బ్యారన్‌ల మంట పెట్టాలె. పగలు రాత్రి ఆగకుండ మండాలె. ఎన్ని బండ్ల కట్టె గావాలె? ఆ కట్టె యాడికెల్లి వస్తది? మా అమ్మ ఎండుపుల్లల మోపు దెస్తే గార్డు గొడ్డలి గుంజుకుంటడు. బ్యారన్‌కు బండ్లకు బండ్లు పోతుంటె సలాం కొడ్తడు. అడవిని ఎవరు తిన్నట్టు మేడమ్? మేమా?"

నిర్మలాదేవి పెన్సిలు కింద పెట్టింది.

"ఇప్పుడు చెప్పావే, ఇది ఎందుకు రాయలేదు?"

జంపక్క నెమ్మదిగా అంది. "చెప్తె వస్తది. రాస్తె రాదు. ఇంట్ల కోయమాట. బస్సుల, సంతల ఈ మాట. పుస్తకంల ఇంకో మాట. కలం పట్టుకుంటే మూడూ కొట్టుకుంటయి. ఏది గెలుస్తదో తెల్వక నాలుగు ముక్కలు రాసి లేస్త."

ఎం.ఏ. చదివిన నిర్మలాదేవికి ఈ మాట ఏ పాఠంలోనూ ఎదురుకాలేదు. ఆమె గైడు మూసేసింది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ముందు నోటితో చెప్పాలి. చెప్పింది చెప్పినట్టే, ఏ మాటలో వస్తే ఆ మాటలో రాయాలి. ఆ తర్వాతే దిద్దుబాటు. "చదివేవాడు మీ ఊరివాడు కాదు," అని నిర్మలాదేవి ప్రతిసారీ గుర్తుచేసేది. "యూనివర్సిటీ పేపర్లు వరంగల్లులో దిద్దుతారు. ఆయన మద్దిగుప్ప చూడలేదు, బ్యారన్ చూడలేదు. నువ్వు మధ్యలోంచి మొదలుపెడితే దారి తప్పిపోతాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు. ముందు ఊరు. తర్వాత చేను. తర్వాత మంట. ఒక పేరాలో ఒక్కటే సంగతి."

జంపక్క నేర్చుకుంది. కానీ శాంతంగా నేర్చుకోలేదు. ఎర్ర గీత పడ్డప్పుడల్లా కయ్యానికి దిగేది.

"కొట్టిండు అంటె తప్పా? మా ఊర్ల అందరం గట్లనే అంటం."

"తప్పు కాదు. పరీక్షలో నరికాడు అని రాయి. ఇంటికెళ్లాక కొట్టిండు అను. ఎవరొద్దన్నారు?"

"అంటే మా మాట చెప్పులిడిచి లోపలికి రావాలె."

"అవును," అంది నిర్మలాదేవి విసుగ్గా. "లోపలికి రా ముందు. వచ్చాక ఇల్లు మార్చుకుందువుగాని."

ఇద్దరూ ఒకరిమీద ఒకరు కేకలు వేసుకునేవాళ్లు. అయినా సాయంత్రమయ్యేసరికి జంపక్క కాగితాలు పట్టుకుని వచ్చేది. నిర్మలాదేవి పెన్సిలు చెక్కుకుని కూర్చునేది. దీపావళి వెళ్లేసరికి జంపక్క రెండు పేజీలు ఆగకుండా రాయగలుగుతోంది. ఎరుపు తగ్గింది.

అప్పుడొచ్చింది ఆ వాక్యం.

"మా కుటుంబమునకు ఉన్న భూమి పోయింది. ఆ భూమిలో పొగాకు బ్యారన్ నిర్మించబడింది. దాని కొరకు అడవి నరకబడింది."

నిర్మలాదేవి మూడు వాక్యాల కిందా గీత గీసింది. "ఇదేంటి? గైడు భాష మళ్లీ ఎక్కడి నుంచి పట్టుకొచ్చావు? భూమి తనంతట తను పోతుందా? నిర్మించబడింది, నరకబడింది. ఎవరు? కర్త ఏడీ?"

"అట్లనే ఉండనీయండి."

"ఉండనివ్వను. ఇన్నాళ్లూ ఎవరు, ఎవరు అని నువ్వే కదా అరిచావు? ఇప్పుడు నువ్వే దాస్తున్నావు. ఎవరు తీసుకున్నారో రాయి. భయమా?"

ఆ మాటకు జంపక్క కళ్లెర్రబడ్డాయి. కాగితం లాక్కుని, పోయింది అన్న మాట కొట్టేసి, పైన రాసింది. వత్తి రాయడంతో కాగితం చిరిగింది. తిరిగి ముందుకు తోసింది.

"మా భూమిని వెంకటపయ్య తీసుకున్నాడు."

నిర్మలాదేవి చదివింది. "ఏ వెంకటప్పయ్య?"

"మద్దిగుప్పల ఒక్కడే ఉన్నడు మేడమ్. మీకు మామైతడు. మా అయ్య దూలయ్య కాడ ఒక్క పంటకని కౌలుకు తీసుకుని దిగలే."

నిర్మలాదేవి పుస్తకాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పైన కూడా రాలేదు.

జంపక్కకు పిచ్చికోపం వచ్చింది. "అడిగిందెవరు? ఆమెనే గదా! భయమా అని నన్నడిగింది. పేరు చెప్పంగనే ఆమె పారిపాయె."

"ఆమెకు ఆయన చుట్టం గదే," అంది బాలి.

"అయితె? నా చుట్టం కాదా మా అయ్య?"

కోపంలోనే కూర్చుని ఆ వ్యాసం మొత్తం ఒంటరిగా పూర్తిచేసింది. ఒక్క వాక్యంలో కూడా కర్తను వదల్లేదు.

అదే వారం ఆదివారం నిర్మలాదేవి భర్తతో కలిసి మేనమామ ఇంటికి భోజనానికి వెళ్లింది. తరచూ వెళ్లే ఇల్లే. వీధి అరుగు మీద నుంచి చూస్తే బ్యారన్ కనిపిస్తుంది. ఇంతకు ముందెన్నోసార్లు చూసింది గానీ, అది ఎవరి చేలో ఉందని ఎప్పుడూ అడగలేదు.

"ఆ చేను ఎవరిది మామయ్యా?"

"మనదే."

"మనది కాకముందు?"

వెంకటప్పయ్య నవ్వాడు. "అడవిది. చెట్లూ పుట్టలూ. మనం వచ్చాకే కదా అక్కడ పంటంటూ పండింది."

"దూలయ్య అనే కోయాయనదట. కౌలుకని తీసుకున్నావట."

నవ్వు పోయింది. "ఎవరు చెప్పారు?"

"ఆయన కూతురు నా దగ్గర చదువుకుంటోంది. ఏజెన్సీలో వాళ్ల భూమి మనం తీసుకోకూడదని చట్టముంది కదా మామయ్యా."

"చట్టం!" వెంకటప్పయ్య చెయ్యి విదిలించాడు. "నీకా ఉద్యోగం చట్టం ఇప్పించిందా, నేనిప్పించానా? వాళ్లకి రెండక్షరాలు నేర్పమని పంపిస్తే, నా మీదికి ఎగదోయడం నేర్పుతున్నావా? తిను, అన్నం చల్లారిపోతోంది."

మేనమామ భార్య సుబ్బరత్నం వడ్డించబోయింది. నిర్మలాదేవి విస్తరి ముందు నుంచి లేచింది. భర్త కూర్చోమన్నా వినలేదు. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడి, ఒంటరిగా తిరిగొచ్చింది. ఆమెకు మేనమామ మీద కోపం, తన మీద అంతకంటే ఎక్కువ కోపం. ఆ ఇంట్లో ఎన్నో పూటలు తిన్న అన్నం ఎక్కడిదని ఒక్కసారి కూడా అడగనందుకు.

సోమవారం సాయంత్రం హాస్టలుకు వచ్చి జంపక్క ఎదురుగా కూర్చుంది. "రాసింది ఇవ్వు."

జంపక్క ఇచ్చింది. నిర్మలాదేవి మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట ఆగి, ఎర్ర పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది.

"పేరు తప్పు రాశావు. వెంకటపయ్య కాదు, వెంకటప్పయ్య. పకారం కింద ఒత్తు ఉండాలి. మళ్లీ రాయి."

జంపక్క ఆమె ముఖంలోకి చూసింది. కృతజ్ఞత చెప్పలేదు, చెప్పాలని అనిపించలేదు కూడా. ఒత్తు పెట్టి రాసింది.

అర్ధసంవత్సర పరీక్షలో వెంకటనారాయణ కావాలనే అదే ప్రశ్న ఇచ్చాడు. జంపక్క అదనపు కాగితం అడిగి మరీ రాసింది. నాలుగు రోజులకు ప్యూను హాస్టలుకొచ్చి ట్యూటరును కాలేజీకి రమ్మన్నాడు. పిలవకపోయినా జంపక్క వెంట వెళ్లింది.

బల్ల మీద ఆమె సమాధాన పత్రం ఉంది. వెంకటనారాయణ దాన్ని వేలితో నెట్టాడు.

"అమ్మా, ఈ భాష ఈ అమ్మాయిది కాదు. మీరు రాసిచ్చారు, ఈమె బట్టీ పట్టింది. అంతవరకు క్షమిద్దాం. కానీ ఇందులో పెద్దమనిషి పేరుంది. మీ మేనమామగారి పేరు! మీరు చూడలేదా?"

"చూశాను," అంది నిర్మలాదేవి. "అక్షరదోషాలు నేనే దిద్దాను. పేరులో దోషముంటే అదీ దిద్దాను."

జంపక్క ముందుకొచ్చింది. "మేడమ్ రాస్తే, బ్యారన్‌ల మొదటి నాడు ఎంత మంట, మూడో నాడు ఎంత మంట, ఆమెకెట్ల దెలుస్తది సార్? పొద్దంతా ఆ మంటకాడ కట్టె అందించింది మా అమ్మ. మా చేలనే మా అమ్మ కూలి. మొన్న నాకు వాక్యం రాదన్నరు. ఇయ్యాల వాక్యం నాది కాదంటరు. ఏ దినమన్న నేను రాసింది సదువుతరా మీరు?"

"ఇది సిలబస్‌లో లేదు," అన్నాడాయన చివరికి. "పాఠ్యపుస్తకంలో ఉన్న కారణాలు రాయలేదు కాబట్టి నాలుగు మార్కులు." ఆ అంకె అప్పటికే కాగితం మీద వేసి ఉంది.

ఎర్రగా దిద్దిన గుర్తు కాగితంలో ఒక్కటీ లేదు. సారు తప్పులు వెతికాడు, దొరకలేదు. జంపక్క దాన్ని మడిచి పెట్టుకుంది. ఈసారి రాసిన తీరుకు సిగ్గుపడలేదు.

సంగతి వెంకటప్పయ్యకు చేరింది. నెల తిరక్కముందే హాస్టలు ట్యూటరును మార్చారు. కొత్తగా వచ్చినాయన గైడు తెచ్చాడు. నిర్మలాదేవి ఇంట్లో భర్త పలకడం మానేశాడు. వైరా నుంచి తల్లి వచ్చి, అన్నం పెట్టిన చేతిని కరిచావని తిట్టిపోసి వెళ్లింది.

అయినా జంపక్క చదువు ఆగలేదు. సాయంత్రాలు నిర్మలాదేవి ఇంటి వరండాలోకి వెళ్లేది. బాలి కూడా వెంట వచ్చేది. ఏప్రిల్‌లో యూనివర్సిటీ పరీక్ష రాసింది. వరంగల్లులో ఆమె పేపరు దిద్దినది ఎవరో ఇద్దరికీ తెలియదు. మద్దిగుప్ప చూడని ఆ మనిషి ఆమెకు నూటికి అరవై ఒకటి వేశాడు. క్లాసులో అంతకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. వెంకటనారాయణ మార్కులు చదువుతూ ఆమె పేరు దగ్గర గబగబా దాటేశాడు.

"ఇగ అర్జీ రాద్దాం మేడమ్," అంది జంపక్క ఆ సాయంత్రమే. "మా చేను మాకియ్యాలని."

రాయడానికి కూర్చున్నారు. సర్వే నంబరు, హద్దులు, కౌలుకు ఇచ్చిన సంగతి, ఖాళీ చేయని సంగతి, వరసగా పేరా పేరాగా వచ్చింది. చివరి పేరా దగ్గర గొడవ మొదలైంది.

"'కావున తమరు దయతలచి మా భూమిని మాకు ఇప్పించవలసిందిగా వేడుకుంటున్నాము.' ఇలా రాయి," అంది నిర్మలాదేవి.

"దయ ఎందుకు? నేను దయ అడుగుతలేను."

"అర్జీలో అలాగే రాస్తారు. అది పద్ధతి."

"ఎవరి పద్ధతి? మా చేను గుంజుకున్నోడు వేడుకున్నడా? దర్జాగ దున్నిండు. మేమేమో మాది మాకియ్యమని కాళ్లు మొక్కాలె!"

"ఆఫీసరుకు కోపమొస్తే పక్కన పడేస్తాడు!" నిర్మలాదేవి కూడా అరిచింది. "ఉద్యోగం పోయింది. మా అమ్మ నా ముఖం చూడ్డం లేదు. ఇంత చేసి, ఒక్క మాట దగ్గర మొత్తం చెడగొడతావా?"

"మీ ఉద్యోగం నేను తియ్యలే మేడమ్. మీ మామ తీసిండు. ఆ మాట ఆయనకు చెప్పుండ్రి."

ఇద్దరూ రొప్పుతున్నారు. గుమ్మంలో బాలి బిక్కచచ్చి నిలబడింది. నిర్మలాదేవి కాగితాన్ని జంపక్క వైపు జరిపింది.

"సరే. నువ్వే రాయి."

జంపక్క రాసింది. "వెంకటప్పయ్య మా భూమిని చట్టానికి విరుద్ధంగా పట్టుకున్నాడు. చట్టం ప్రకారం ఆ భూమిని మాకు అప్పగించాలి." కింద దూలయ్య వేలిముద్ర వేశాడు, పక్కన తను సంతకం చేసింది.

ఏజెన్సీ భూముల కేసులు చూసే డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో గుమాస్తా చదివి కనుబొమలు ఎగరేశాడు. "ఎవరు రాసిచ్చారమ్మా ఇది? వకీలా?"

"నేనే రాసిన. స్టాంపెయ్యుండ్రి."

వెంకటప్పయ్య ఖమ్మం నుంచి వకీలును తెచ్చాడు. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ప్రతి వాయిదాకూ జంపక్క తన మాట కాగితం మీద రాసి తీసుకెళ్లింది. నిర్మలాదేవి చాలాసార్లు వెంట వెళ్లింది. చివరికి, జంపక్క బి.ఏ. పూర్తిచేసిన ఏడాది, చేను దూలయ్యకు అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. వెంకటప్పయ్య పై కోర్టుకు వెళ్లి, బ్యారన్ ఉన్న ముక్క వరకు ఆ ఉత్తర్వును ఆపించుకున్నాడు.

గొలుసు పట్టి కొలిచి హద్దు పాతిన రోజు దూలయ్య చేలో దిగి, చెప్పులు లేని కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. గూడెం వాళ్లు సంబరపడ్డారు. జంపక్క మాత్రం గట్టు మీదే నిలబడింది. కొత్త హద్దుకు అవతల బ్యారన్ మండుతోంది. పక్కన పచ్చి కట్టె గోడలా పేర్చి ఉంది.

"సంతోషించవేం?" అంది నిర్మలాదేవి పక్కకు వచ్చి.

"దేనికి? మాది మాకొస్తే సంతోషమేంది మేడమ్? అది ఇంకా మండుతనే ఉన్నది."

పొగ గాలికి వంగి వాళ్ల మీదికి వచ్చింది. నిర్మలాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జంపక్క పెట్టుకోలేదు. కళ్లు మండుతున్నా, రెప్ప వేయకుండా ఆ మంటనే చూస్తూ నిలబడింది.